ఎర్రచందనం వార్తలు రాసే విలేకరి బ్రౌజర్లో ఏం మార్చాలి?

తిరుపతిలో ఉంటూ శేషాచలం స్మగ్లింగ్ వార్తలు రాసేవారికి మామూలు సెట్టింగులు చాలవు. లింక్ తెరిస్తే చాలు ఫోన్‌లోకి చొరబడే దాడుల్లో చాలా వాటికి దారి జావాస్క్రిప్ట్‌ను (వెబ్ పేజీలో నడిచే కోడ్) వేగంగా నడిపే జిట్ కంపైలర్‌లోని లోపాలే. ఆ కంపైలర్‌ను ఆపేస్తే ఆ దారి చాలామటుకు మూసుకుపోతుంది.

ఐఫోన్‌లో (ఐఓఎస్ 16 నుంచి) సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి లాక్‌డౌన్ మోడ్ ఆన్ చేయాలి, అది జిట్‌నూ ఆపేస్తుంది. ఫోన్ రీస్టార్ట్ అవుతుంది. క్రోమ్‌లో సైట్ సెట్టింగ్స్‌లోని జావాస్క్రిప్ట్ ఆప్టిమైజేషన్ ఆపాలి. ప్రమాదకర సైట్ల గురించి హెచ్చరించే సేఫ్ బ్రౌజింగ్‌ను ఎన్‌హాన్స్‌డ్‌లో పెట్టాలి, అయితే అప్పుడు మీరు చూసే సైట్ల వివరాలు కొన్ని గూగుల్‌కు వెళ్తాయి. అది ఇష్టం లేకపోతే మీ జాడ దాచే టార్ బ్రౌజర్లో ‘సేఫెస్ట్’ అనే భద్రతా స్థాయి ఉంది. కానీ అందులో జావాస్క్రిప్టే నడవదు, బ్యాంకు పని మర్చిపోండి.

లాక్‌డౌన్‌లో వెబ్ ఫాంట్లు (సైట్ తనతో పంపే అక్షరాల, గుర్తుల ఫైళ్లు) లోడ్ కావు. దర్శనం టికెట్ల సైట్‌లాంటి చోట బటన్ల మీద బొమ్మలు పోయి ఖాళీ డబ్బాలు కనిపించవచ్చు. విసిగిపోయి మోడ్ మొత్తం ఆపేస్తారు, అదే తప్పు. సఫారీ అడ్రస్ బార్ మెనూలో వెబ్‌సైట్ సెట్టింగ్స్‌కెళ్లి ఆ ఒక్క సైట్‌కే మినహాయింపు ఇవ్వండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన లింక్‌కు మాత్రం ఇవ్వకండి.

దొంగ లాగిన్ పేజీలో మీరే పాస్‌వర్డ్ కొడితే ఇవేవీ ఆపలేవు. దానికి పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) పెట్టుకోవాలి.