నాటకాల్లో ‘గ్రీన్’ ఉద్యోగమా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో ట్రిపుల్‌ఈ ఫైనలియర్ చదువుతోంది. కాలేజీ నాటకాలకు లైటింగ్ తనే చూసుకుంటుంది. కళాసంస్థల్లో పర్యావరణ పరిరక్షణ మీద లండన్‌లో ఏడాది ఎం.ఏ. చేస్తానని పట్టుబడుతోంది. ఆఫర్ లెటర్ కూడా వచ్చింది. లోన్ తీసుకోవాలి. అసలు అలాంటి ఉద్యోగాలు ఉంటాయా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి

జవాబు: ఉంటాయండీ. బ్రిటన్‌లో ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ నుంచి క్రమం తప్పకుండా నిధులు తీసుకునే సంస్థలు తమ కరెంటు, నీళ్ల లెక్కలు చెప్పాలన్న షరతు 2012 నుంచే ఉంది. 2021లో అక్కడి రంగస్థలం వాళ్లే ‘థియేటర్ గ్రీన్ బుక్’ అని ఒక ప్రమాణాల పుస్తకం తెచ్చుకున్నారు. ప్రాథమిక స్థాయి అందుకోవాలంటే, సెట్‌కు వాడే సామానులో సగం అంతకుముందు ఎక్కడో వాడినదై ఉండాలి. నాటకం అయ్యాక 65 శాతం మళ్లీ ఉపయోగంలోకి వెళ్లాలి. ఈ లెక్కలు చూసేందుకు మనుషులు కావాలి కాబట్టి ఉద్యోగాలూ ఉన్నాయి, కాకపోతే తక్కువ. చాలాచోట్ల ప్రొడక్షన్ మేనేజరో, బిల్డింగ్ చూసే ఇంజినీరో తన పనితో పాటు ఇదీ చూసుకుంటారు. మన దగ్గరైతే ఈ హోదాతో ప్రకటన కనబడటమే అరుదు.

అందుకే నా మాట: ముందు పని, ఆ తర్వాతే ఎం.ఏ.

అమ్మాయికి లైటింగ్ వచ్చు, కరెంటు చదువుతోంది. ఈ రెండూ కలిసిన మనిషి దొరకడం కష్టం. పార్ క్యాన్ అనే పాతరకం స్టేజీ లైటు ఒక్కోటి 1000 వాట్లు తింటుంది. 40 వెలిగిస్తే గంటకు 40 యూనిట్లు. ఆ వేడికి ఏసీ మీద పడే భారం వేరే. 200 వాట్ల ఎల్‌ఈడీలు పెడితే అదే గంటకు 8 యూనిట్లు. ఇంతవరకు ఎవరైనా చెప్తారు. చవక ఎల్‌ఈడీ కింద కూచిపూడి నర్తకి ఎర్రచీర వెలవెలబోతుందనీ, వెలుగు తగ్గించి పెంచే పాత డిమ్మర్‌కు తగిలిస్తే లైటు మెల్లగా ఆరాల్సిన చోట మినుకుమినుకుమంటుందనీ, వేదిక మీద పని చేసినవాళ్లకే తెలుస్తుంది. ఆ సంగతి తెలియకుండా సలహా ఇస్తే దర్శకుడు వినడు, వినకూడదు కూడా.

సెట్ల విషయానికొస్తే, 1885లో మొదలైన సురభి వాళ్ల తెరలు ఒకసారి దగ్గరగా చూడమనండి. దర్బారు తెర, అడవి తెర, వీధి తెర. ఒకే దర్బారులో ఎందరో రాజులు కొలువు తీరతారు. చుట్టేసి ఇంకో ఊరికి పట్టుకెళ్తారు. పోటీ నాటకానికని ప్లైవుడ్‌తో ఇల్లు కట్టి, మర్నాడు విరగ్గొట్టి పారేసే మన అలవాటు ఆ తర్వాత వచ్చినదే. (ఫ్లెక్సీల గురించి మొదలుపెడితే ఈ శీర్షిక సరిపోదు.)

ఇప్పుడేం చేయాలంటే, రెండు మూడేళ్లు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో లైటింగ్ కంపెనీలోనో, పెద్ద ఆడిటోరియాల ఎలక్ట్రికల్ పనులు చూసే సంస్థలోనో చేరమనండి. జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లంత రాదు, ముందే చెప్తున్నా. ఈలోగా ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ (ఐజీబీసీ) వాళ్ల అక్రెడిటెడ్ ప్రొఫెషనల్ పరీక్ష రాసుకోవచ్చు. అనుభవం వచ్చాక బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాళ్ల ఎనర్జీ ఆడిటర్ పరీక్ష. ఈ సర్టిఫికెట్లు ఆసుపత్రిలోనూ ఐటీ క్యాంపస్‌లోనూ చెల్లుతాయి కాబట్టి నాటకాల్లో పని దొరక్కపోయినా అమ్మాయి రోడ్డున పడదు. మనసు పూర్తిగా రంగస్థలం మీదే ఉంటే ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా మూడేళ్ల కోర్సు ఉంది. అందులో డిజైన్, సాంకేతిక విభాగం తీసుకోవచ్చు, స్కాలర్‌షిప్ కూడా ఇస్తారు. సీట్లు బాగా తక్కువ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ థియేటర్ ఆర్ట్స్‌లో పీజీ ఉంది.

లండన్ చదువు చెడ్డదని కాదు. అనుభవంతో వెళ్లినవాళ్లకు అక్కడ పరిచయాలు పనికొస్తాయి. ఖాళీ చేతులతో వెళ్తే కోర్సు అయిన నాటి నుంచి వీసా గడువు, లోను వాయిదాలు రెండూ తరుముతాయి. మీరు వద్దని గట్టిగా అనకండి, పంతం పెరుగుతుంది. ఆఫర్‌ను కనీసం ఏడాదైనా వాయిదా వేసుకునే వీలుందా అని యూనివర్సిటీకి ఈ వారమే మెయిల్ పెట్టమనండి. డిపాజిట్ మాత్రం ఆ జవాబు వచ్చాకే కట్టండి.