పాస్‌వర్డ్ అడగకుండా బూటైందని సంబరపడకండి

సందేహం: వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్‌లో) లినక్స్ వాడుతున్నాను. చోటు చాలక మొన్న రెండో డిస్క్ తగిలించాను, తర్వాత అక్కర్లేదని తీసేశాను. అప్పటి నుంచి ఆన్ చేస్తే లోగో దగ్గరే చాలాసేపు ఆగిపోయి, చివరికి నల్ల తెర మీద ఎమర్జెన్సీ మోడ్ అని చూపిస్తోంది. రూట్ అకౌంట్ (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) లాక్ అయి ఉందంటోంది. ఎంటర్ కొడితే మళ్లీ అదే మాట. అంతా తీసేసి కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవాలా?

జవాబు: వద్దు! ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. డిస్క్ అయితే తీసేశారు గానీ, బూట్ అయ్యేటప్పుడు ఏయే డిస్కులు తగిలించాలో రాసి ఉండే ఈటీసీ ఫోల్డర్‌లోని ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో (/etc/fstab) దాని పేరు తీయలేదు. లినక్స్‌లో మిగతా సేవలన్నిటినీ మొదలుపెట్టే సిస్టమ్‌డీ ఆ లేని డిస్క్ కోసం 90 సెకన్లు ఎదురుచూసి, రాకపోయేసరికి చేతులెత్తేస్తోంది. ఇలాంటి ఉత్తరాలు ఎన్ని వచ్చాయో చెప్పలేను, సగం మంది నాకు రాసేలోపే మెషీన్ చెరిపేసుకుంటున్నారు. ఇందులో వాళ్ల తప్పు కంటే డిజైన్ తప్పే ఎక్కువని నా అభిప్రాయం. ఏ డిస్క్ కోసం ఆగిందో ఆ క్షణంలోనే తెర మీద రాసి ఉంటుంది, దాన్ని కప్పేసి గిరగిరా తిరిగే లోగో చూపించడం దేనికి? అందంగా కనబడటం కోసం కారణాన్ని దాచే ఈ అలవాటు నాకు ఒళ్లుమంట.

సరే, పని చూద్దాం. ముందు మెషీన్ ఆపేసి డిస్క్ ఫైల్‌ను (వర్చువల్ మెషీన్ డిస్క్ మొత్తం మీ అసలు కంప్యూటర్‌లో ఒక ఫైల్‌గా ఉంటుంది) ఒక కాపీ తీసి పెట్టుకోండి. ఆన్ చేయగానే షిఫ్ట్ నొక్కి పట్టుకోండి (మెషీన్ యూఈఎఫ్‌ఐ అనే కొత్త తరహా బూట్ పద్ధతిలో ఉంటే ఎస్కేప్ కీ), లినక్స్‌ను లోడ్ చేసే గ్రబ్ మెనూ వస్తుంది. 'ఈ' కీ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైన్లో క్వైట్, స్ప్లాష్ అన్న మాటలు చెరిపేసి, రీడ్ ఓన్లీని (ro) రీడ్ రైట్‌గా (rw) మార్చి, లైన్ చివర ఇనిట్‌కు (మొదట నడిచే ప్రోగ్రామ్‌కు) బదులు బాష్ (ఆదేశాలు టైప్ చేసే ప్రోగ్రామ్) నడిచేలా init=/bin/bash అని రాసి కంట్రోల్ ఎక్స్ కొట్టండి. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే. నేరుగా రూట్ ప్రాంప్ట్ వస్తుంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ డిస్క్ లైన్ ముందు హాష్ గుర్తు పెట్టి సేవ్ చేసి, సింక్ (sync, మార్పులను డిస్క్ మీదకు రాయించే ఆదేశం) అని కొట్టి, మెషీన్‌ను రీసెట్ చేయండి. రెండో డిస్క్ మళ్లీ ఎప్పుడైనా పెట్టుకుంటే ఆ లైన్లో నోఫెయిల్ చేర్చండి, డిస్క్ లేకపోయినా బూట్ ఆగదు.

ఇప్పుడు నాకు అసలు భయం కలిగించే సంగతి. పైన మీరేం చేశారో మరోసారి చూడండి. ఏ పాస్‌వర్డూ ఇవ్వకుండా రూట్ అయిపోయారు! మీ మెషీన్ కన్సోల్ (తెర, కీబోర్డు) దాకా రాగలిగిన ఎవరైనా ఇదే చేయగలరు. గ్రబ్‌కు పాస్‌వర్డ్ పెడితే సరిపోతుందంటారు కొందరు, సరిపోదు. డిస్క్ ఫైల్‌ను కాపీ చేసుకుని ఇంకో మెషీన్‌కు తగిలిస్తే గ్రబ్‌తో పనే లేదు, లోపలున్నదంతా చదివేయొచ్చు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే డిస్క్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకోవాలని నేను మొత్తుకునేది అందుకే. అలా పెట్టుకున్నా, మెషీన్ నడుస్తుండగా మెమరీతో సహా స్నాప్‌షాట్ (మెషీన్ ఆ క్షణంలో ఉన్న స్థితిని భద్రపరిచే నకలు) తీస్తే ఎన్‌క్రిప్షన్ తాళంచెవి కూడా ఆ స్నాప్‌షాట్ ఫైల్లోకి వచ్చేస్తుందని చాలామందికి తెలియదు. తాళం వేసి చెవిని గుమ్మానికే వేలాడదీసినట్టు. మెషీన్ పూర్తిగా ఆపాకే స్నాప్‌షాట్ తీయండి. పాతవాటిని కూడబెట్టకండి, మీరు ఎప్పుడో చెరిపేశామనుకున్న ఫైళ్లు వాటిలో భద్రంగా ఉంటాయి.

ఇది ఊరికే చెబుతున్న మాట కాదు. ఆ మధ్య ఒక పాఠకుడు "బూట్ కావడం లేదు, మీరే చూడండి" అంటూ డిస్క్ ఫైల్ మొత్తం ఆన్‌లైన్‌లో పెట్టి, ఎవరైనా తెరవగలిగే లింక్ పంపారు. అందులో ఆయన పనిచేసే సర్వర్ల ఎస్‌ఎస్‌హెచ్ కీలు (దూరం నుంచి ఆ సర్వర్లలోకి లాగిన్ కావడానికి వాడేవి), బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు అన్నీ ఉన్నాయని ఆయనే తర్వాత ఒప్పుకున్నారు. నేను ఆ ఫైల్ దించుకోలేదు. లింక్ వెంటనే తీసేయమని, కీలన్నీ ఆ రోజే మార్చుకోమని రాశాను. దయచేసి ఎవరికీ మెషీన్ ఫైల్ పంపకండి. లోగో తీసేశాక తెర మీద కనబడే చివరి పది లైన్లు ఫొటో తీసి పంపితే చాలు, చాలాసార్లు జవాబు అందులోనే దొరుకుతుంది.