విదేశీ శిక్షణకు వెళ్ళేముందు ఫైరింగ్ సాధన పెంచాలా?

మోహరింపుకు ముందు మూడు వారాల శిక్షణ కోసం మీ దళం విదేశానికి వెళ్తోందనీ, ఈలోపు ఫైరింగ్ సాధన ఎంత పెంచుకోవాలనీ అడిగారు. ఇలాంటి ప్రయాణం నేను రెండుసార్లు చేశాను. రెండోసారి మా దళం సామాను చూసే హవల్దారును నేనే. అందుకని నా జవాబు కొంచెం పెట్టెల వైపు, మూటల వైపు మొగ్గుతుంది, ముందే చెబుతున్నాను.

ఫైరింగ్ ఇప్పుడు చేస్తున్నంత చేయండి, చాలు. అక్కడ మిమ్మల్ని ఇబ్బంది పెట్టేది గురి కాదు, ఒళ్ళు.

మొదటిసారి మేము చలికాలంలో బయలుదేరి మండువేసవిలో దిగాం. భూమధ్యరేఖ దాటితే రుతువులు తారుమారవుతాయని బడిలో చదివినదే. విమానం తలుపు తీసి వేడిగాలి ముఖాన కొట్టేదాకా అది ఎవరికీ గుర్తు లేదు. శిక్షణ రోజులు వృథా కాకూడదని మూడో రోజే పూర్తి బరువుతో నడక పెట్టారు. మధ్యాహ్నానికల్లా ఇద్దరు కుప్పకూలారు. వాళ్ళలో ఒకడు మా అందరికంటే వేగంగా పరుగెత్తేవాడు! ఎండకు ఒళ్ళు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు కావాలి. ఆ రోజుల్లోనే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, చెమటతో పోయే ఉప్పు తగ్గుతుంది. పట్టుదలతో దీన్ని దాటేయలేం. నిజానికి పట్టుదల ఉన్నవాడే తల తిరుగుతున్నా ఆగకుండా నడిచి ముందు పడిపోతాడు. వెళ్ళే చోటు వేడి ప్రదేశమైతే ఇప్పటినుంచే రోజూ గంటసేపు చెమట పట్టేలా శ్రమించండి. నిద్ర సంగతి కూడా చూసుకోండి. తూర్పు దిశగా ప్రయాణిస్తే సర్దుకోవడం ఎక్కువ కష్టం.

ఇక దిక్సూచి. మాది ఉత్తరార్ధగోళం కోసం చేసిన దిక్సూచి. ఈ వైపు అయస్కాంత సూది ఉత్తరపు కొన కిందికి వంగుతుంది కాబట్టి, సరిసమానంగా నిలవడానికి తయారీలోనే దక్షిణపు కొనకు కాస్త బరువు చేరుస్తారు. దక్షిణార్ధగోళంలో వంగేది దక్షిణపు కొన. అసలు వంపుకు ఈ బరువు తోడై సూది అడుగుకు రాసుకుని ఆగిపోతుంది. రాత్రి నడకలో మా సెక్షన్ దిక్సూచిని తట్టుతూ, ఊపుతూ ఉంటే, ఆకాశం చూసి చెబుతానన్నాడు ఒకడు. ధ్రువనక్షత్రం అక్కడ కనబడదు. తెలిసిన ఓరియన్ (వేటగాడు) నక్షత్రాల గుంపు కూడా తలకిందులుగా ఉంది. మర్నాడు పగలు ఇంకో వేడుక. మధ్యాహ్నపు నీడ ఉత్తరానికి పడుతుందన్న పాత అలవాటుతో మా సుబేదారు గారు ఎంతో నమ్మకంగా మమ్మల్ని అరగంటసేపు దక్షిణానికి నడిపించారు. మేము ఉన్న చోట మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు మరి. ఆయనతో ఆ మాట చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మీరు ఏ అర్ధగోళానికి వెళ్తున్నారో చూసుకుని, దానికి సరిపడే దిక్సూచి ఇవ్వమని మీ స్టోర్స్‌లో ఇప్పుడే అడగండి.

సామాను విషయంలో నా తప్పు ఒకటి చెబుతాను. రేడియోల విడి బ్యాటరీలను మిగతా సామానుతో కలిపి పెట్టెల్లో సర్దించాను. లిథియం బ్యాటరీలు విడిగా తీసుకెళ్తే విమానంలో నిబంధనలు వేరు. ప్రయాణికుల విమానంలో విడి బ్యాటరీలను చేతిసంచిలోనే ఉంచుకోవాలి, బ్యాటరీ సామర్థ్యం 100 వాట్-అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి. మా పెట్టెలను ఆపేశారు. అవి చేరేసరికి నాలుగు రోజులైంది. అన్ని రోజులూ అరుపులతోనూ చేతి సైగలతోనూ నెట్టుకొచ్చాం. బూట్లకు మట్టి అంటుకుని ఉంటే కొన్ని దేశాల్లో తనిఖీ దగ్గర నిలబెట్టి కడిగిస్తారు, ఇంట్లోనే పళ్ళ బ్రష్‌తో తోముకుని వెళ్ళండి. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరైన దేశమైతే, టీకా వేసుకున్న 10 రోజుల తరువాతే ఆ ధ్రువపత్రం చెల్లుతుంది.

అసలు శిక్షణలో నాకు ఎక్కువ ఉపయోగపడినది కాల్పులు కాదు, బొమ్మ ఊరు. జర్మనీలోని హోహెన్‌ఫెల్స్‌లో అఫ్గానిస్థాన్ వెళ్ళబోయే దళాలకు ఇలాంటి ఊళ్ళలోనే తర్ఫీదు ఇచ్చేవారు. జీతానికి వచ్చినవాళ్ళు ఊరిపెద్దలుగా, దుకాణదారులుగా, కోపంతో ఉన్న తల్లులుగా నటిస్తారు. తుపాకీకి లేజర్, ఒంటికి సెన్సర్లు కట్టి ఉంటాయి. గుండు లేని ఖాళీ తూటా పేలితే లేజర్ వెలువడుతుంది, అది తగిలినవాడి సెన్సర్ కీచుమంటుంది. నేను మొదటి ఉదయమే ‘చచ్చిపోయి’ రెండు గంటలు చెట్టుకింద కూర్చున్నాను. అంతకుముందు ఊరిపెద్దతో మాట్లాడేటప్పుడు దుభాషి ముఖమే చూస్తూ మాట్లాడాను. సాయంత్రం సమీక్షలో ఆ పెద్ద వేషం వేసినాయన, ‘ఈయన నా ఇంటికొచ్చి నాతో ఒక్కమాటా మాట్లాడలేదు’ అన్నాడు. ఆ సమీక్షల్లో అధికారుల పొరపాట్లను కూడా జవాన్ల ఎదుటే చెబుతారు. మీ వంతు వచ్చినప్పుడు సాకులు వెతక్కండి, రాసుకోండి.

చివరిగా, శిక్షణకూ మోహరింపుకూ మధ్య ఎన్ని రోజుల విరామం ఇస్తున్నారో కనుక్కోండి. వేడికి అలవాటు పడిన ఒళ్ళు రెండు మూడు వారాలు చల్లని చోట ఉంటే ఆ అలవాటును చాలావరకు మరిచిపోతుంది. మాకు నెల రోజులు సెలవిచ్చారు, ఎంతో సంతోషించాం. మోహరింపు చోట దిగాక మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాం, ఈసారి మాత్రం మొదటి వారం నడకలన్నీ తెల్లవారుజామునే పెట్టారు.