బలురక్కసి పాలు, కషాయం మందుగా వాడొచ్చా?

పొలం గట్ల మీద పసుపు పూలు పూసే ముళ్ళ మొక్క, బలురక్కసి గురించి అడిగారు. దాని పాలు గజ్జికి రాయమని, వేరు కషాయం కామెర్లకు తాగమని ఎవరో చెప్పారట. తాగకండి. కంట్లో అసలే వేయకండి. పుండు మీద రాయడం కూడా వద్దనే నేను అంటాను.

ముందు మీరు చూస్తున్నది ఆ మొక్కేనా అన్నది తేల్చుకోండి. కొమ్మ విరిస్తే చిక్కటి పసుపు పాలు కారాలి. ఆకు నీలి ఛాయ ఉన్న ఆకుపచ్చగా ఉంటుంది, ఈనెల వెంట తెల్ల చారలు, అంచుల్లో ముళ్ళు. కాయ నిండా ముళ్ళే. పాలు కారకపోతే అది వేరే మొక్క. బ్రహ్మదండి అన్న పేరు దీనికీ ఉంది, పాలు లేని వేరే ముళ్ళ మొక్కలకూ ఉంది. ఒకదాని గుణాలు ఇంకోదానికి అంటగట్టి, ఏ భాగమో ఎంత మోతాదో చెప్పకుండా "మంచిది, వాడండి" అని ఫోన్లలో పంచేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది.

"చరకుడే చెప్పాడు" అన్న మాటా నిలవదు. ఇది మెక్సికో వైపు నుంచి వచ్చిన మొక్క. చరకుడి కాలంలో ఈ నేల మీద లేదు. పాత గ్రంథాల్లోని స్వర్ణక్షీరి అనే మందు మొక్క ఇదేనని తర్వాతివాళ్ళు అనుకున్నారు, అంతే. పాలు పసుపు రంగు కాబట్టి పచ్చకామెర్లకు పనికొస్తుందనడం కూడా అలాంటిదే.

మందు గుణం అసలు లేదని మాత్రం అనను. ఇందులో బెర్బెరిన్, ప్రొటోపిన్ అనే మందు గుణమున్న పదార్థాలు ఉన్నాయి. ఆఫ్రికాలోని మాలీలో ఈ మొక్క కషాయాన్ని మలేరియాకు ఇచ్చి, మామూలు మలేరియా మాత్రలతో పోల్చి చూశారు. 2010లో ఆ ఫలితాలు వచ్చాయి. 301 మంది రోగుల్లో, కషాయం తాగినవాళ్ళలో 89 శాతానికి, మాత్రలు వేసుకున్నవాళ్ళలో 95 శాతానికి రెండో మందు అవసరం పడలేదు. చిన్న విషయం కాదు. కానీ అది పరిశోధకుల నిఘాలో, కొలతతో ఇచ్చిన కషాయం. మీకు చెప్పింది మొక్క వేరుతో కాచే కషాయం. సాంగ్వినరిన్ అనే విషం చేరేది వేళ్ళలో, గింజల్లో. అంటే మొక్కలో దేన్ని వదిలేయాలో సరిగ్గా దాన్నే తాగమన్నారు!

పైపూతకూ ఇదే చిక్కు. సాంగ్వినరిన్ సూక్ష్మక్రిములను చంపుతుంది, నిజమే. బ్లడ్‌రూట్ అనే ఇంకో మొక్క నుంచి దాన్ని తీసి అమెరికాలో టూత్‌పేస్టులో, పుక్కిలించే మందులో కలిపారు. వాడినవాళ్ళ నోట్లో ల్యూకోప్లేకియా అనే తెల్ల మచ్చలు కనబడటంతో ఆ వాడకం ఆగిపోయింది.

ఈ మొక్కతో అసలు ప్రమాదం మాత్రం మందు దగ్గర కాదు, వంటింట్లో ఉంది. గింజలు ఆవాల సైజులో నల్లగా ఉంటాయి, వాటినుంచి నూనె బాగా దిగుతుంది. 1998 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఢిల్లీలో ఆవనూనెలో ఈ నూనె కలిసింది. కాళ్ళు వాచి, ఆయాసంతో జనం ఆసుపత్రులకు వరుస కట్టారు. దాదాపు 3,000 మంది జబ్బుపడ్డారు, 60 మందికి పైగా చనిపోయారు. నూరు వంతుల నూనెలో ఒక్క వంతు కలిసినా జబ్బు రావడానికి చాలు. వేపుడు వేడికి విషం పోతుందనుకోవద్దు. కల్తీ నూనెతో ఒళ్ళు మర్దన చేసుకున్నవాళ్ళకు చర్మం గుండా ఎక్కిన సందర్భాలూ ఉన్నాయి. అయినా విడి నూనె డబ్బాల్లోంచి కొలిచి అమ్మడం ఇంకా నడుస్తూనే ఉంది, కొనేవాళ్ళు కొంటూనే ఉన్నారు.

మనం ఆవనూనె పెద్దగా వాడం కదా అని ఊరుకోకండి. ఆవకాయకు ఆవాలు కిలోల లెక్కన దంచుతాం. దంచేముందు గుప్పెడు గింజలు తెల్ల పళ్ళెంలో పరిచి భూతద్దంతో చూడండి. ఆవగింజ నున్నగా ఉంటుంది, నలిపితే లోపల పసుపు. బలురక్కసి గింజ గరుకుగా, పైన వలలాంటి గీతలతో ఉంటుంది, నలిపితే లోపల తెలుపు. ఒక్కటి కనబడినా ఆ ఆవాలు వాడకండి. పిండిగా కొంటే ఈ పరీక్షకు వీలే లేదు, అందుకే ఆవపిండి ఇంట్లోనే ఆడించుకోమంటాను. నూనెకు నైట్రిక్ ఆమ్లం పరీక్ష ఉంది: 5 మిల్లీలీటర్ల నూనెకు అంతే గాఢ ఆమ్లం కలిపి కుదిపితే, కల్తీ ఉన్నప్పుడు అడుగున ఆమ్లం పొర ఎర్రగానో ఎర్ర గోధుమరంగులోనో మారుతుంది. కల్తీ మరీ తక్కువైతే ఇది పట్టుకోలేదు. ఆ ఆమ్లం చర్మాన్ని కాల్చేస్తుంది కాబట్టి ప్రయోగశాలకే వదిలేయండి.

ఇంట్లో ఒకే నూనె తింటున్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి రెండు కాళ్ళూ వాచి, నొక్కితే గుంట పడి, చర్మం ఎర్రబడి మండుతుంటే నూనె వెంటనే ఆపండి. సీసా పారేయకుండా ఆసుపత్రికి పట్టుకెళ్ళండి. వాపుకు ముందు విరేచనాలు కావచ్చు. ఈ విషం రక్తనాళాల గోడలను సడలిస్తుంది, నీరు కండలోకి కారుతుంది, గుండె మీద భారం పడుతుంది. విరుగుడు మందు లేదు, లక్షణాలకే చికిత్స. వాపు తగ్గాక కూడా కంటి ఒత్తిడి పరీక్ష చేయించండి, ఎందుకంటే దీనివల్ల వచ్చే నీటికాసులు నొప్పి లేకుండా చూపును తినేస్తాయి.

గట్టు మీది మొక్కలను పూత దశలోనే పీకెయ్యండి. చేతులకు దళసరి తొడుగులు వేసుకోండి, పాలు కంట్లో పడనివ్వకండి. కాయ ఎండితే కొన తెరుచుకుని గింజలు రాలిపోతాయి. పక్కన ఆవ చేను ఉంటే కోతకు ముందే ఈ పని అయిపోవాలి.