అల్లుడి బ్యాండుకి ఒక లేఖ: ముందు పాటలు, తర్వాతే బొమ్మలూ సినిమా

అల్లుడూ,

నువ్వు పంపిన ఎనిమిది పాటలూ విన్నాను. వాటితోపాటు పంపిన ప్లాను కూడా మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. ఆల్బమ్, కామిక్ పుస్తకం, అరగంట సినిమా, స్టేజీ వెనక ఎల్ఈడీ స్క్రీన్, పాటకో బొమ్మ, ఆఖర్న ఫోన్లో ఆడుకునే గేమ్ కూడా రాశారు. స్వర్ణముఖి ఇసుక కింద దాక్కుంటే ఒక పిల్ల ఆ నదిని వెతుక్కుంటూ చంద్రగిరి నుంచి శ్రీకాళహస్తి దాకా నడిచే కథ. నాకు నచ్చింది. తిరుపతి పిల్లలు నలుగురు చేరి తెలుగులో హార్డ్ రాక్ కట్టి అందులో మన ఏటి కథ చెప్తామంటే, ఇన్నేళ్లు ఆర్కెస్ట్రాల్లో బేస్ గిటార్ వాయించి, ఆ తర్వాత సౌండూ లైట్లూ అద్దెకిచ్చి బతికిన నాకంటే సంతోషించేవాడు ఎవడుంటాడు చెప్పు. కాబట్టి వద్దనడానికి రాయట్లేదు. ఏ వరసలో చేస్తే ఇది మీ చేతికొస్తుందో చెప్పాలని రాస్తున్నా.

మీ ప్లానులో పాటల గురించి రాసింది ఒక పేజీ కూడా లేదు. మిగతాదంతా బొమ్మలు, సినిమా, స్క్రీన్. అది తిరగెయ్యండి.

మీరు మాటకి ముందు తలుచుకునే లండన్ బ్యాండు పింక్ ఫ్లాయిడ్ వాళ్ల 'ది వాల్' సంగతే చూడు. వాళ్ల మొదటి ఆల్బమ్ వచ్చింది 1967లో, 'ది వాల్' వచ్చింది 1979 నవంబర్‌లో. అది వాళ్ల పదకొండో స్టూడియో ఆల్బమ్. అంటే అన్నేళ్లు వాయించి, జనం వాళ్ల పాటలు గుండెల్లో పెట్టుకున్నాక, అప్పుడు స్టేజీ మీద అట్టపెట్టెల ఇటుకలతో పాట నడుస్తుండగానే గోడ కట్టుకుంటూ పోయి, చివరికి బ్యాండే కనపడకుండా చేశారు. ముందు పాటలు లేకపోతే, కనపడని బ్యాండుని చూడ్డానికి టికెట్టు ఎవడు కొంటాడు? అంత పేరున్నవాళ్లు కూడా 1980, 81లో ఆ షోని లాస్ ఏంజెలెస్, న్యూయార్క్, లండన్, డార్ట్‌మండ్ ఈ నాలుగు చోట్లే వేశారు, ఎందుకంటే ఆ సామాను ఊరూరా తిప్పడం అయ్యే పని కాదు. పైగా ఆ షోల మీద బ్యాండుకి నష్టమే వచ్చింది. అప్పటికే బ్యాండులోంచి తీసేసి జీతానికి పెట్టుకున్న కీబోర్డు మనిషి రిచర్డ్ రైట్ ఒక్కడే డబ్బు మిగుల్చుకున్నాడు. సినిమా వచ్చింది 1982లో. ది హూ అనే బ్యాండు వాళ్లు ఇంకా నిదానం: 'టామీ' ఆల్బమ్ 1969లో వస్తే సినిమా 1975లో. మధ్యలో ఆ పాటల్ని ఎన్ని స్టేజీల మీద అరగదీశారో.

తొందరపడితే ఏమవుతుందో కిస్ వాళ్లని చూస్తే తెలుస్తుంది. 1973లో న్యూయార్క్‌లో మొదలైన బ్యాండు, మొహాలకి రంగు, నోట్లోంచి మంట, అన్నీ మొదట్నుంచీ ఉన్నాయి, కానీ మొదటి మూడు ఆల్బమ్‌లూ పెద్దగా అమ్ముడుపోలేదు. 1975లో స్టేజీ మీది వాయింపుని రికార్డు చేసి 'అలైవ్' అని వేశాకే జనం ఎగబడ్డారు. 1977లో మార్వెల్ కామిక్ వచ్చింది, దాని ఎర్ర సిరాలో తమ రక్తం కలిపారు కూడా. అక్కడిదాకా బాగుంది. 1978లో నలుగురూ నాలుగు సోలో ఆల్బమ్‌లు ఒకే రోజు విడుదల చేసి, అదే ఏడాది ఒక టీవీ సినిమా కూడా నెత్తినేసుకున్నారు. ఆ సినిమా నవ్వులపాలైంది. అంత డబ్బూ అంత మందీ ఉన్నవాళ్లకే అన్నీ ఒక్క ఏడాదిలో పట్టలేదు, నెల జీతాల్లోంచి తలా కాస్త వేసుకునే మీకెట్లా పడుతుంది?

అయినా ఇన్ని రకాలుగా కథ చెప్పడం నేర్చుకోడానికి మీరు లండన్ దాకా పోనక్కర్లేదు. మన జిల్లా పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది కదా, చిన్నప్పుడు మీ అమ్మమ్మ ఊళ్లో నువ్వూ చూశావు. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, అర్జున తపస్సు రోజు వేషం కట్టినాయన పద్యాలు పాడుకుంటూ అంతెత్తు మాను ఎక్కడం, చివరి రోజు మట్టితో చేసిన దుర్యోధనుడి మీద భీముడు గదతో పడడం, సాయంత్రం నిప్పులగుండం. ఒక్కసారి ఆలోచించు, అందులో ఏదీ ఇంకోదాని పని చెయ్యదు. హరికథ దాసు కథ చెప్తాడు, విడమరుస్తాడు, మధ్యలో పిట్టకథలు పెడతాడు. నాటకం దాన్ని కళ్లముందు పెడుతుంది. మాను ఎక్కిన అర్జునుడు పైనుంచి విసిరే నిమ్మకాయల కోసం, విభూతి కోసం పిల్లల్లేని ఆడవాళ్లు కింద కొంగు పట్టుకుని ఉంటారు, అంటే అక్కడ ఊరే కథలోకి వచ్చేసింది. మీ ప్లానులో ఈ తేడా లేదు. పాటలో ఉన్న కథే కామిక్‌లో ఉంది, కామిక్‌లో ఉన్నదే సినిమాలో ఉంది. విన్నవాడు మళ్లీ ఎందుకు చదవాలి, చదివినవాడు మళ్లీ ఎందుకు చూడాలి?

నేనైతే ఇట్లా పంచుతా. పాటల్లో ఆ పిల్ల మనసు మాత్రమే ఉండాలి: భయం, కోపం, దాహం. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఏరు ఎందుకు ఎండింది, ఇసుక ట్రాక్టర్ల ముసలాయన పాత కథ ఏంటి, అవన్నీ కామిక్‌కి వదిలెయ్యండి. స్టేజీ మీద మాత్రం కథ చెప్పొద్దు, అక్కడ ఏరు పారే ఆ ఒక్క ఘట్టం జనంతో కలిసి జరగాలి. సినిమా సంగతి ఇప్పుడు మర్చిపోండి. న్యూయార్క్ వైపు కోహీడ్ అండ్ కేంబ్రియా అనే బ్యాండు 2002లో మొదటి ఆల్బమ్‌తోనే ఒక పెద్ద కథ మొదలుపెట్టింది, కామిక్‌లు ఆ తర్వాత వచ్చాయి, పాటలు వినేవాడికి కామిక్ చదవకపోయినా లోటుండదు, చదివితే ఇంకో తలుపు తెరుచుకుంటుంది. 2015లో ఆ కథతో సంబంధంలేని ఆల్బమ్ కూడా ఒకటి చేశారు. కథకి బ్యాండు బానిస కాకుండా చూసుకున్నారు, అది నాకు బాగా నచ్చిన విషయం.

ఇక మీ పాటలు. నాలుగో పాటలో పిల్ల రేణిగుంట దాటి ఏట్లోకి దిగి చేత్తో ఇసుక తవ్వే చోట గిటార్లు రెండూ ఆపేసి బేస్, డ్రమ్స్ మాత్రమే ఉంచారు చూడు, అక్కడ మీ డ్రమ్మర్ టామ్ డ్రమ్ముల మీద కొట్టింది అచ్చం గంగజాతరలో పలక దెబ్బ. ఆ తర్వాత గిటార్ లావు తీగ స్వరాన్ని డి కి దించి వాయించిన ఆ రిఫ్, అదే మళ్లీమళ్లీ తిరిగొచ్చే ఆ ముక్క, వచ్చి మీద పడితే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మీ బ్యాండు అంటే అదే. మిగతా ఏడు పాటలూ దాని పక్కన నిలబడాలి. ఆరూ ఏడూ ఒకే వేగం, ఒకే స్థాయి, ఏది ఎక్కడ అయిపోయిందో తెలియలేదు, రెండింట్లో ఒకటి తీసెయ్యండి. గొంతు గిటార్ల కింద మునిగిపోతోంది. తెలుగు మాట చాలావరకు అచ్చుతో ముగుస్తుంది, దాన్ని సాగనివ్వాలి. ఇంగ్లీషు పాటలాగా ప్రతి మాటనీ చివర తుంచేస్తే వినేవాడికి ఒత్తులు, దీర్ఘాలు పోయి అరుపు మాత్రం మిగులుతుంది. 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య గిటార్లని కాస్త తగ్గించి చూడండి, మాట పైకొస్తుంది. మిగిలిన ఏడింటినీ ఏ స్క్రీనూ లేకుండా, లైట్లు కూడా లేకుండా, కాలేజీ ఫెస్టుల్లోనో ఎవరి మేడ మీదో వాయించండి. ఎక్కడ జనం ఫోన్లు తీసి మెసేజ్‌లు చూసుకుంటున్నారో గమనించండి, ఆ చోట పాట బలహీనంగా ఉన్నట్టే. ఆ చోటుకి మీరు బొమ్మ వేసి కప్పెట్టాలని చూస్తారు, అది చెయ్యొద్దు. పాటనే మార్చండి.

బొమ్మల విషయం. మీరు కంప్యూటర్‌తో చేయించిన ఆ పుర్రెలు, రెక్కల రాక్షసులు ఏ దేశం బ్యాండుకైనా అతుకుతాయి. శ్రీకాళహస్తి మీ కథలో ఆఖరి మజిలీ, అక్కడి కలంకారీ మాత్రం మీ ప్లానులో ఎక్కడా లేదు! గుడుల కోసం వేసే ఆ పెద్ద బట్టల మీద రామాయణం గళ్లుగళ్లుగా ఉంటుంది, బొమ్మల వరస కింద తెలుగులో ఒక పంక్తి రాసి ఉంటుంది, కామిక్ అంటే అంతకంటే ఏంటి? కరక్కాయ రసంలో, పాలలో బట్టని తడిపి ఆరబెట్టి, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన నల్లటి కసిమిలో వెదురు కలం ముంచి గీస్తారు. కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కుతుంటే గీత సన్నగా, లావుగా మారుతూ వస్తుంది. మీ హార్డ్ రాక్‌కి ఆ నల్ల గీత సరిగ్గా సరిపోతుంది. ఒక కళాకారుడి దగ్గరికి వెళ్లి కూర్చోండి, కథ చెప్పండి, ఆయన అడిగినంత ఇవ్వండి, కవర్ మీద ఆయన పేరు మీ పేర్లంత పెద్దగా వెయ్యండి. ఒక్క బట్ట చాలు. దాన్నే కెమెరాతో మెల్లగా గడి తర్వాత గడి తీస్తే నాలుగో పాటకి వీడియో, అచ్చేస్తే కవర్, స్టేజీ వెనక కడితే పరదా. ఐరన్ మెయిడెన్ అనే బ్యాండు వాళ్లకి 1980లో డెరెక్ రిగ్స్ గీసిన ఎడ్డీ అనే బొమ్మ ఇట్లాగే కవర్ మీద, చొక్కాల మీద, స్టేజీ మీద అంతటా ఒకడే. 2007లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాళ్లు వాయించిన రోజు మన వైపు నుంచి బస్సులెక్కి వెళ్లిన పిల్లలు పాటలన్నీ తెలిసి వెళ్లలేదు, చాలామంది ఆ చొక్కా బొమ్మ వెంట వెళ్లారు.

స్క్రీన్ వాడే రోజు వస్తే రెండు మాటలు గుర్తుపెట్టుకో. డ్రమ్మర్ చెవిలో తాళం లెక్క కొట్టే క్లిక్ లేకుండా బొమ్మా పాటా కలవవు, కాబట్టి క్లిక్‌తో వాయించడం ఇప్పట్నుంచే అలవాటు చెయ్యండి, ఆ రోజు నేర్చుకుందాం అంటే అవ్వదు. క్లిక్ పోయినా, లాప్‌టాప్ ఆగినా పాట ఆపకుండా ముగించడం కూడా ప్రాక్టీస్ చెయ్యండి. రెండోది కరెంటు. స్క్రీనూ లైట్లూ ఒక లైన్ మీద, సౌండ్ వేరే లైన్ మీద ఉండాలి, ఎర్త్ సరిగ్గా చూసుకోవాలి, లేకపోతే గిటార్లలో బుయ్యిమని మోత, ఎంత పెద్ద ఆంప్ తెచ్చినా ఆ మోతే పెద్దగా వినిపిస్తుంది. రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకర్లకి అనుమతి ఉండదు, పోలీసుల దగ్గర పర్మిషన్ ముందే రాయించుకోండి, మీ చివరి పాట 9:30 కల్లా అయిపోయేట్టు లిస్టు వేసుకోండి. చెవుల్లో ప్లగ్‌లు పెట్టుకోకుండా రిహార్సల్‌కి కూర్చున్నారని తెలిస్తే మాత్రం నేనొచ్చి ఆంపులు తీసుకెళ్లిపోతా.

డబ్బు, కాగితాలు. స్నేహితులం కదా అని వదిలెయ్యొద్దు. ఏ పాటకి ఎవరు మాట రాశారు, ఎవరు ట్యూన్ కట్టారు, ఎంతెంత వాటా, ఒక కాగితం మీద నలుగురూ సంతకం పెట్టండి, ఇప్పుడే, ఏమీ రాకముందే. బొమ్మ వేసినాయనతో కూడా ఆ పిల్ల బొమ్మ ఎవరిది, చొక్కాల మీద వేస్తే ఆయనకెంత అని రాసుకోండి. మన కాపీరైట్ చట్టంలో హక్కు రాసివ్వడం రాతపూర్వకంగానే చెల్లుతుంది, ఎంతకాలమో రాయకపోతే అయిదేళ్లనీ, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకేననీ లెక్క. 2012లో చేసిన సవరణ పాట రాసినవాడికీ ట్యూన్ కట్టినవాడికీ రాయల్టీలో వాటాని వదులుకోడానికి వీల్లేని హక్కు చేసింది. ఎవడైనా వచ్చి అన్నీ మాకు రాసిచ్చెయ్యండి, సినిమా మేం తీస్తాం అంటే ఆ కాగితం ముందు నాకు చూపించు. ఢిల్లీలో బ్లడీవుడ్ అనే బ్యాండు పిల్లలు యూట్యూబ్ వీడియోలతో మొదలుపెట్టి, ఢోలుని మెటల్‌లోకి తెచ్చి, 2019లో జర్మనీలో వాకెన్ మెటల్ ఫెస్టివల్ స్టేజీ ఎక్కి, 2022లో 'రక్షక్' ఆల్బమ్ సొంతంగానే విడుదల చేశారు. కంపెనీ చేతిలో పెట్టకుండా అంత దూరం పోయారు, అందుకే మీక్కూడా భయం అక్కర్లేదంటున్నా.

ఇంకొకటి, రికార్డింగు ట్రాకులన్నీ విడివిడిగా రెండు హార్డ్ డిస్కుల్లో దాచండి, ఒకటి వేరే ఇంట్లో. తాళ్లపాక వారి రాగిరేకుల మీద అన్నమయ్య మాటా, రాగం పేరూ అన్నీ భద్రంగా మిగిలాయి, ఆయన పాడిన వరస మాత్రం మనదాకా రాలేదు. కంప్యూటర్ పాడైతే ఒక్క రోజులో మీదీ అంతే అవుతుంది, జాగ్రత్త చేసుకోవడం గంట పని.

ఉద్యోగం మానేస్తానని అక్కతో అన్నావట. ఈ ఆల్బమ్ బయటికి వచ్చేదాకా మానొద్దు. చెన్నై, బెంగళూరు రెండూ మనకి ఒక రాత్రి ప్రయాణం కూడా కాదు, శనివారం వెళ్లి వాయించి ఆదివారం రాత్రికి వచ్చెయ్యొచ్చు, సోమవారం ఆఫీసుకి వెళ్లొచ్చు. వచ్చిన డబ్బులో మొదటి భాగం మంచి మిక్సింగ్‌కి, రెండోది కలంకారీ బట్టకి. ఆ తర్వాత మిగిలితే కామిక్ మొదటి భాగం, ఇరవై నాలుగు పేజీలు చాలు.

వచ్చే ఆదివారం గోడౌన్ ఖాళీగా ఉంటుంది. పొద్దున తొమ్మిదికల్లా నలుగురూ రండి, డ్రమ్స్‌కి మైకులు పెట్టి ఉంచుతాను. నాలుగో పాట, ఇంకా ఆరూ ఏడుల్లో మీరు ఉంచుకున్నది, రెండూ వాయిద్దాం. పాడేవాణ్ణి ముందురోజు రాత్రి తొందరగా పడుకోమను.

మీ మామ
తిరుపతి