మురవ్యోవ్ గురించి రాసేటప్పుడు

అమ్మలూ,

తూర్పు సైబీరియాను ఏలిన రష్యా సేనాని నికొలాయ్ మురవ్యోవ్ మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీ నిండా హోదాలూ పతకాలే, పెళ్లిపత్రికలో వరుడి డిగ్రీల్లాగా. వాటిని కాస్త వెనక్కి జరుపు.

రష్యా, చైనాల సరిహద్దులోని ఆమూర్ నదితో ఎత్తుకున్నావు. అందరూ అక్కడే ఎత్తుకుంటారు. నన్నడిగితే మాస్కోకు దక్షిణాన ఉన్న తూలాతో మొదలుపెట్టు. 1809లో పుట్టడం, 1828లో టర్కీతో యుద్ధంలో వార్నా ముట్టడి, కాకసస్‌లో చేతికి గాయం, ఇదంతా మూడు వాక్యాల్లో తేల్చెయ్. 1846లో తూలా గవర్నరయ్యాక, కొందరు భూస్వాముల చేత సంతకాలు పెట్టించి, పాలేర్లుగా కట్టుబడిన రైతులను విడిచిపెట్టే మాట చక్రవర్తి ముందుకు తెచ్చాడు. ఆ చట్టం 1861 దాకా రాలేదు. మనవాడు సైబీరియా పదవి వదిలిందీ ఆ ఏడాదే.

సైన్యంలో ఉన్నవాడికి గవర్నర్ గిరీ ఎలా దక్కిందని పాఠకుడు అడుగుతాడు. 1722లో పీటర్ చక్రవర్తి కొలువుల హోదాలకు పెట్టిన 14 తరగతుల పట్టిక గురించి ఒక్క ముక్క చెప్పు: మేజర్ జనరల్ నాలుగో తరగతి, సివిల్ కొలువులోనూ దానికి సాటి హోదా ఉండేది. అటు నుంచి ఇటు మారడం వింత కాదు. అలాగే మన రాజ్‌భవన్ గవర్నర్ని ఊహించుకోనివ్వకు. గవర్నరంటే ఒక గుబేర్నియాను, అంటే రాష్ట్రంలాంటి ప్రాంతాన్ని, నడిపేవాడు. గవర్నర్ జనరల్ అలాంటివి కొన్నింటి మీద పెద్ద, సైన్యం కూడా అతని చేతిలోదే. 1847లో, 38 ఏళ్లకే, తూర్పు సైబీరియాకు అతను అయింది ఆ రెండోది.

తేదీల దగ్గర జాగ్రత్త. ఆమూర్ ఎడమ ఒడ్డును చైనా నుంచి రష్యాకు తెచ్చిన ఐగున్ ఒప్పందం మీద సంతకాలు 1858లో అప్పటి రష్యా పాత క్యాలెండర్ లెక్కన మే 16న, మనం వాడే క్యాలెండర్ లెక్కన మే 28న. నేను కుర్రతనంలో ఒక పత్రికకు రాస్తూ, చర్చలు 16న మొదలై 28న ముగిశాయని, 'పన్నెండు రోజుల ఉత్కంఠ' అంటూ ఒక పేరా అల్లేశాను. ఎవరో పాఠకుడు పోస్టుకార్డు మీద 'ఆ రెండూ ఒకే రోజండీ' అని రాశాడు. ఆ కార్డు ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

ఇంకో మురవ్యోవ్ ఉన్నాడు, మిఖాయిల్. గ్రోద్నో, కూర్స్క్‌లకు గవర్నర్‌గా చేసి, 1863లో పోలండ్ తిరుగుబాటును విల్నా (ఇప్పటి విల్నియస్) నుంచి ఉరికొయ్యలతో అణిచినవాడు. నీ మూడో పేజీలో ఇద్దరూ కలిసిపోయారు, విడదియ్.

ఇక నువ్వు దాటేసిన సంగతి. తూలాలో రైతుల విడుదల కోరిన మనిషే 1851లో సైబీరియాలోని నెర్చిన్‌స్క్ గనుల రైతులను ఒక్క కలంపోటుతో కొసాక్కులను, అంటే సరిహద్దు కాసే సైనిక రైతులను, చేశాడు. తర్వాత కొసాక్కు కుటుంబాలను తరలించి ఆమూర్ ఒడ్డున ఊళ్లు కట్టించాడు. వెళ్తారా అని వాళ్లను ఎవరడిగారు? నీకు రెండు పేజీల సరుకు ఇక్కడే ఉంది.

1881లో పారిస్‌లో పోయాడు. ఆమూర్ ఒడ్డున ఖబరోవ్‌స్క్‌లోని అతని విగ్రహం 2006లో వచ్చిన 5000 రూబుళ్ల నోటు మీదుంది, ఆ బొమ్మ పెట్టుకో. దిద్దిన ప్రతి దసరాకి వచ్చేటప్పుడు తీసుకురా, ఫోన్‌లో చదవడం నా కళ్ల వల్ల కావట్లేదు.

మీ పెదనాన్న