ప్రత్యర్థి బ్యాగును కాదు, రాకెట్ అరుగుదలను చూడండి

ప్రశ్న: నా వయసు 38 ఏళ్లు. ఆరేళ్లుగా మా ఊరి క్లబ్బులో టెన్నిస్ ఆడుతున్నాను. గత నెలలో జరిగిన ఒక పోటీలో నా మొదటి ప్రత్యర్థి ఆరు రాకెట్లు పట్టే బ్యాగుతో, రెండు చేతులకూ రిస్ట్‌బ్యాండ్లతో వచ్చారు. ఆయనను చూసి బెదిరిపోయి మొదటి సెట్ 1-6తో పోగొట్టుకున్నాను. ఆయనకు బ్యాక్‌హ్యాండ్ (రాకెట్ పట్టిన చేతికి అవతలి వైపు వచ్చే బంతిని కొట్టే దెబ్బ) సరిగా రాదని రెండో సెట్ మధ్యలో గానీ నాకు తెలియలేదు. ఎలాగో గెలిచాను. తర్వాతి రౌండులో వెలిసిన టీషర్టు, నూలు ట్రాక్‌ప్యాంటు వేసుకుని వచ్చిన ఒక పెద్దాయనను తేలిగ్గా తీసుకుని వరుస సెట్లలో ఓడిపోయాను. సామగ్రిని, దుస్తులను చూసి ఎదుటివారి స్థాయిని తెలుసుకునే నమ్మకమైన గుర్తులేమైనా ఉన్నాయా? నేను కూడా పెద్ద బ్యాగు, మరో మూడు రాకెట్లు కొనుక్కుంటే ప్రయోజనం ఉంటుందా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: రెండు మ్యాచ్‌లలోనూ మీరు చూసింది వస్తువుల ధరను మాత్రమే. ధరను బట్టి ఆ మనిషి ఎంత ఖర్చు పెట్టగలరో, ఆటంటే ఎంత ఇష్టపడుతున్నారో తెలుస్తుంది. ఆయన ఎలా ఆడతారన్నది తెలియాలంటే బ్యాగులోంచి బయటికి తీసిన రాకెట్ ఎక్కడెక్కడ అరిగిందో చూడాలి.

టాస్ వేసేటప్పుడు నెట్ దగ్గర ప్రత్యర్థి రాకెట్ మీకు రెండడుగుల దూరంలో ఉంటుంది. తీగలపై బంతి నూగు పేరుకున్న మచ్చ అరచేయి అంత మేర నడిమధ్యలోనే ఉందంటే ఆయన బంతిని ఎప్పుడూ ఒకే చోట తగిలిస్తున్నారన్నమాట. ఆ నూగు ఫ్రేము అంచుల దాకా చెదిరి ఉంటే సమయానికి బంతి దగ్గరికి చేరలేకపోతున్నారని అనుకోవచ్చు. నిలువు తీగలు అడ్డతీగలను దాటే చోట గాట్లు పడి ఉంటే టాప్‌స్పిన్, అంటే బంతి ముందుకు గిర్రున తిరిగేలా కొట్టే దెబ్బ, గట్టిగా కొడతారని తెలుస్తుంది. ఫ్రేము కొనభాగంలో రంగు గీసుకుపోయి ఉండడానికి మాత్రం రెండు కారణాలుండవచ్చు: రాకెట్‌ను నేలకేసి కొట్టే కోపిష్ఠి కావచ్చు, లేదా నేలబారు బంతులను కూడా వదలకుండా అందుకునే మనిషి కావచ్చు. చాలా ఏళ్ల క్రితం ఒక టోర్నమెంటులో అలా గీసుకుపోయిన రాకెట్ చూసి, వస్తువును జాగ్రత్తగా చూసుకోని మనిషి ఆటలోనూ అలాగే ఉంటాడని నేను తీర్మానించుకున్నాను. ఆయన ఆ సాయంత్రమంతా బంతిని కింది నుంచి కోసినట్టు కొట్టే స్లైస్ దెబ్బలతో చీలమండ ఎత్తు కూడా లేవని బంతులు పంపుతూ నన్ను వంగబెట్టి వంగబెట్టి ఓడించారు. ఆయన ఏం చేయబోతున్నారో ఆ గీతలు నాకు ముందే చూపించాయి, నేనే వాటిని తప్పుగా చదివాను.

రాకెట్ రకాన్ని బట్టి అంచనా వేయడం ఇంతకంటే కష్టం. సాధారణంగా కొత్తగా నేర్చుకునేవారికి తల (తీగలు బిగించిన భాగం) పెద్దదిగా, 105 చదరపు అంగుళాలకు పైబడి, బరువు తక్కువగా ఉండే రాకెట్లను సిఫారసు చేస్తారు. అయితే మోచేతి నొప్పి వచ్చిన పాత ఆటగాళ్లు, నెట్ దగ్గర చురుగ్గా కదలాల్సిన డబుల్స్ నిపుణులు కూడా అటువంటివే ఎంచుకుంటారు. మీ పెద్దాయన వారిలో ఒకరై ఉండవచ్చు. ఇక సర్వీసుకు పేరుపొందిన అమెరికా ఛాంపియన్ పీట్ సాంప్రాస్ 85 చదరపు అంగుళాల చిన్న తలతో, సీసపు పట్టీలు అతికించి బరువు పెంచిన రాకెట్‌తో ఆడారు. అటువంటిది కొనుక్కున్నంత మాత్రాన వారాంతపు ఆటగాడికి ఆయన సర్వీసు రాదు. పైగా బంతి మధ్యలో తగలక ఇబ్బంది పడతాడు. రోజర్ ఫెదరర్ అంతటివారే 90 చదరపు అంగుళాల రాకెట్ వదిలి 2014లో 97కు మారారు.

తీగల కంపనం తగ్గించడానికి వాటి మధ్య పెట్టే చిన్న రబ్బరు ముక్కను గమనించండి. నిబంధనల ప్రకారం అది అడ్డతీగలు, నిలువు తీగలు అల్లుకున్న భాగానికి బయట ఉండాలి. దాన్ని అల్లిక మధ్యలో దూర్చుకున్నవారు పోటీలకు కొత్తవారయ్యే అవకాశం ఎక్కువ. నేను చూసినంతలో ఇది తప్పడం అరుదు.

దుస్తుల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఆండ్రీ అగస్సీ 1988లో డెనిమ్ నిక్కర్లు వేసుకుని ఆడారు, 1992లో తెల్లని దుస్తులే వేసుకోవాలన్న వింబుల్డన్ నిబంధనకు తలొగ్గి ఆ దుస్తుల్లోనే అక్కడ టైటిల్ గెలిచారు. బట్టలు మారినా బంతి పైకి లేస్తుండగానే అందుకుని కొట్టే ఆ ఆట మారలేదు. రఫాయెల్ నాదల్ 2005లో చేతుల్లేని బనియను, మోకాళ్లు దాటిన ప్యాంటుతో ఫ్రెంచ్ ఓపెన్‌లో తొలిసారి దిగి టైటిల్ గెలిచారు. బూట్లు మాత్రం నిజంగా పనికొచ్చే సాక్ష్యం. టెన్నిస్‌లో పక్కలకు కదలడం, ఉన్నపళంగా ఆగడం ఎక్కువ. పరుగు కోసం తయారైన మెత్తని బూట్లు అందుకు ఆసరా ఇవ్వవు కాబట్టి, వారానికి నాలుగు రోజులు గట్టిగా ఆడేవారు వాటితో ఎక్కువ కాలం నెగ్గుకురాలేరు. కుడిచేతి ఆటగాడి కుడి బూటు ముందుభాగం అరిగి ఉంటే, సర్వీసు చేసేటప్పుడు ఆ కాలు నేలను రాసుకుంటూ వస్తోందని, అంటే శరీరం బరువునంతా సర్వీసులోకి తెస్తున్నారని ఊహించవచ్చు. మేజోళ్లకు ఎర్రమట్టి మరక పట్టి ఉంటే మట్టి కోర్టులో పెరిగిన ఆట కావచ్చు. అటువంటి వారు ఒక్కో పాయింటుకు ఇరవై బంతులైనా ఓపికగా తిప్పి కొడతారు, తొందరపడితే మీరే తప్పు చేస్తారు. అయినా మన ఊళ్లలో మంచి బూట్లు కొనే స్తోమత లేకుండానే చక్కగా ఆడేవారు ఎందరో ఉన్నారు కనుక, ఈ గుర్తులను కూడా అనుమానంగానే వాడుకోండి.

అసలు పరీక్ష మ్యాచ్‌కు ముందు దొరికే ఐదు నిమిషాల వార్మప్. ఆ సమయంలో మీ బంతులు ఎంత బాగా పడుతున్నాయని చూసుకోకండి, అవతలి మనిషి పాదాలను చూడండి. మీరు బంతిని కొట్టే క్షణంలో ఆయన చిన్నగా ఎగిరి నిలదొక్కుకుంటున్నారా? బంతి నేలను తాకకముందే రాకెట్ వెనక్కి వెళుతోందా? బ్యాక్‌హ్యాండ్ వైపు పంపిన బంతిని చుట్టూ తిరిగి వచ్చి ఫోర్‌హ్యాండ్‌తో కొడుతున్నారా? మొదటి రౌండులో ఈ చివరిదాన్ని గమనించి ఉంటే మీకు ఆ సెట్ పోయేది కాదు. సర్వీసు ప్రాక్టీసులో రాకెట్‌ను అట్లకాడ పట్టుకున్నట్టు పట్టుకునేవారి మొదటి సర్వీసు ఎంత వేగంగా ఉన్నా, రెండో సర్వీసు మెత్తగా వచ్చి పడుతుంది. అప్పుడు మీరు ఒక అడుగు ముందుకు జరిగి నిలబడవచ్చు. అలాగే ఒక బంతిని కావాలనే పొట్టిగా, అంటే నెట్‌కు దగ్గరలో పడేలా, నెమ్మదిగా పంపి చూడండి. మధ్యస్థ స్థాయి ఆటగాళ్ల బలహీనత కోర్టు వెనక గీత అయిన బేస్‌లైన్ దగ్గర కంటే ఆ పొట్టి బంతి దగ్గరే ఎక్కువగా బయటపడుతుంది.

ఇక మీ కొనుగోలు సంగతి. బ్యాగు చూసి జంకేవారు కూడా మీలాగే రెండో సెట్‌కల్లా తేరుకుంటారు. ఆపైన మీకు మిగిలేది ఆ బ్యాగు బరువే. పెద్ద ఆటగాళ్లు అన్ని రాకెట్లు మోసుకెళ్లడానికి కారణం తీగలు తెగడం, ఆట జరుగుతుండగానే బిగువు తగ్గడం. మీకు మ్యాచ్ మధ్యలో తీగ తెగితే ఆట ఆగిపోకుండా అదే మోడల్, అదే బరువు, అదే గట్టింగ్ (తీగల బిగింపు) ఉన్న రెండో రాకెట్ ఒకటి చాలు. మిగిలిన డబ్బుతో ముందు టెన్నిస్ కోసమే చేసిన బూట్లు కొనుక్కోండి. గట్టింగ్ విషయంలో, వారానికి ఎన్ని రోజులు ఆడతారో ఏడాదికి కనీసం అన్నిసార్లు మార్పించుకోవాలన్నది ఆటగాళ్లు పాటించే లెక్క. పాలియెస్టర్ తీగలైతే తెగకపోయినా జీవం పోతుంది, బంతిని అదుపు చేయలేకపోవడమే కాక మోచేయి కూడా నొప్పి పెడుతుంది. ఆరేళ్లలో మీరు ఎన్నిసార్లు మార్పించారో ఒకసారి లెక్కచూసుకుని, తక్కువనిపిస్తే తర్వాతి పోటీకి ఒక వారం ముందే ఆ పని చేయించండి. కొత్త బిగువు చేతికి అలవాటు కావడానికి రెండు మూడు సాయంత్రాలు పడుతుంది.